ఎర్ర సిరా రుణం

2004 చలికాలంలో, నేను అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నప్పుడు, మా విశ్వవిద్యాలయం ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నాకు అందుతున్న స్కాలర్‌షిప్‌కు నిధి ఇచ్చిన దాతకు కృతజ్ఞతలు చెబుతూ ఒక పేజీకి తగ్గకుండా లేఖ రాయాలి, ఫలానా తేదీలోగా అందజేయాలి, లేకపోతే వచ్చే సెమిస్టరు ఆ సాయం ఆగిపోతుంది. ఆ స్కాలర్‌షిప్ నా ఫీజులో పదో వంతు. మిగిలిన తొమ్మిది వంతులు మా నాన్న రెండెకరాల మాగాణిని బ్యాంకులో తనఖా పెట్టి తెచ్చినవి. ఆ రాత్రి ల్యాబులో కూర్చుని లేఖ రాశాను. "మీ ఔదార్యం లేకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణి కాదు" అని మొదలుపెట్టాను. ఆ వాక్యం అబద్ధమని రాస్తున్నప్పుడే నాకు తెలుసు.

పక్క బల్ల దగ్గర ఒక చైనా మిత్రుడు పనిచేసుకుంటున్నాడు. బీజింగ్‌లోని ఛింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చినవాడు. నా మొహం చూసి ఏమయిందని అడిగాడు. కాగితం అతని చేతికిచ్చాను. నెమ్మదిగా చదివి తిరిగి ఇచ్చేసి, "మా కాలేజీ మొత్తం ఇలాంటి ఉత్తరమే" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడతను కుర్చీ నా వైపు లాక్కుని, తెల్లవారుజామున రెండు గంటల దాకా ఛింగ్‌హ్వా ఎవరి డబ్బుతో పుట్టిందో చెప్పాడు. ఆ రాత్రి విన్నది నన్ను ఇరవై ఏళ్లుగా వదల్లేదు. దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. ఇన్నాళ్లకు ఒక అభిప్రాయం గట్టిపడింది. పరాయి దేశంలో చదువుకున్నవాడు ఆ దేశానికి రుణపడి ఉంటాడన్న మాటను నేను ఒప్పుకోను. రుణం తప్పకుండా ఉంటుంది. అయితే అది ఎవరికి అన్న ప్రశ్న దగ్గరే మనం ఎప్పుడూ తప్పు చిరునామా రాస్తున్నాం.

ముందు ఆ డబ్బు సంగతి చెబుతాను.

1900లో చైనాలో విదేశీయుల మీద, బాక్సర్లు అని పేరుపడ్డ ఒక రహస్య సంఘం తిరుగుబాటు చెలరేగింది. ఎనిమిది దేశాల సైన్యాలు బీజింగ్‌లో దిగి దాన్ని అణచివేశాయి. మరుసటి సంవత్సరం, 1901 సెప్టెంబరులో, చైనా మెడ మీద కత్తి పెట్టి ఒక ఒప్పందం మీద సంతకం చేయించుకున్నాయి. నష్టపరిహారం 45 కోట్ల తైళ్ళ వెండి. తైల్ అంటే మన లెక్కలో మూడు తులాల పైమాటే. అప్పటి చైనా జనాభా సుమారు 45 కోట్లు అని లెక్క. తలకొక తైల్ చొప్పున దండుగ వేశారన్నమాట, పాలు తాగే పసిబిడ్డతో సహా. ఏడాదికి నాలుగు శాతం వడ్డీతో 39 ఏళ్లపాటు కట్టాలి. వడ్డీ కలిపితే అసలుకు రెట్టింపు దాటి 98 కోట్ల తైళ్ళు అవుతుంది. దీనికి హామీగా రాసిచ్చినవి ఓడరేవుల సుంకాలు, ఉప్పు మీద వచ్చే రాబడి. ఉప్పు పన్ను అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఇందులో అమెరికా వాటా రెండున్నర కోట్ల డాలర్లకు కొంచెం తక్కువ. నిజంగా జరిగిన నష్టం అందులో సగం దాకా మాత్రమే. ఈ సంగతిని పట్టుకుని వదలకుండా తిరిగినవాడు వాషింగ్టన్‌లో చైనా రాయబారిగా ఉన్న లియాంగ్ చెంగ్. ఈయన కథ కూడా విదేశీ చదువు కథే. 1872 నుంచి 1875 వరకు నాలుగు జట్లుగా 120 మంది చైనా పిల్లలను అమెరికా పంపారు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో 1854లోనే పట్టా పుచ్చుకున్న యుంగ్ వింగ్ పట్టుబట్టి సాధించిన పథకం అది. పిల్లలు బేస్‌బాల్ ఆడటం మొదలుపెట్టారు, చర్చికి వెళ్తున్నారు, జడలు కత్తిరించుకుంటున్నారు అంటూ ఇంటి దగ్గర పెద్దలు బెంబేలెత్తి 1881లో అందరినీ వెనక్కి పిలిపించేశారు. చాలామంది చదువు నడి మధ్యలో ఆగిపోయింది. అలా చదువు ఆగిపోయి తిరిగొచ్చినవారిలో ఒకడు లియాంగ్ చెంగ్. ఇరవై ఏళ్ల తర్వాత రాయబారిగా అదే దేశానికి వెళ్లి, మీరు ఎక్కువ వసూలు చేశారు, తిరిగివ్వండి అని అడిగాడు.

అడగ్గా అడగ్గా 1908లో అమెరికా కాంగ్రెసు ఒప్పుకుంది. కోటి డాలర్లకు పైగా తిరిగివ్వడానికి. అయితే అది చేతికిచ్చిన తీరు చూడండి. చైనా ప్రతి నెలా పూర్తి వాయిదా కట్టాలి. అమెరికా తన వాటా ఉంచుకుని మిగిలినది వెనక్కి ఇస్తుంది. ఆ డబ్బుతో మంచూరియాలో బ్యాంకు, రైలు మార్గాలు పెట్టుకోవాలని చైనా అధికారుల్లో కొందరు ఆశపడ్డారు. కుదరదు, విద్యార్థులను మా దేశానికి చదువుకు పంపండి అన్నది అమెరికా. మొదటి నాలుగేళ్లు ఏడాదికి వందమంది, ఆ పైన ఏడాదికి కనీసం యాభై మంది. వారిలో నూటికి ఎనభై మంది వ్యవసాయం, ఇంజనీరింగ్, గనుల వంటివే చదవాలి. 1909లో 600 మందికి పైగా పరీక్ష రాస్తే 47 మంది నెగ్గి ఓడ ఎక్కారు. వారి తర్వాత వచ్చేవారికి తర్ఫీదు ఇవ్వడానికి 1911లో బీజింగ్ శివారులోని ఒక రాచతోటలో పాఠశాల తెరిచారు. అదే ఛింగ్‌హ్వా.

ఒకడి దగ్గర అన్యాయంగా ఎక్కువ వసూలు చేసి, అందులో కొంత తిరిగివ్వడాన్ని లెక్క సరిచేయడం అంటారు. దాన్ని ఔదార్యం అని ఎలా అంటారు? ఆ కుర్రవాళ్ల ఓడ టిక్కెట్టు, కోటు, బూట్లు, ఫీజు, నెల నెలా చేతిఖర్చు అన్నీ చైనా జనం కట్టిన డబ్బే. గుప్పెడు ఉప్పు కొనుక్కున్న ప్రతి పేదింటి ఇల్లాలూ ఆ విద్యార్థుల దాత. ఆమెకు కృతజ్ఞతా లేఖ రాయమని ఎవరూ ఎవరినీ అడగలేదు.

దీనికి ఒక జవాబు ఉంది, దాన్ని దాటవేయను. మిగతా ఏడు దేశాలు అప్పటికి పైసా కూడా తిరిగివ్వలేదు. అమెరికా ముందు కదిలింది, ఆ తర్వాతే మిగిలినవి ఒకటొకటిగా ఆలోచించాయి. ఆ డబ్బు చదువుకే పోవడం వల్ల లంచగొండుల పాలు కాకుండా మిగిలింది అనేవారు చైనాలోనే ఉన్నారు. ఈ రెండూ నిజమే. ఛింగ్‌హ్వా లేని చైనా విజ్ఞాన శాస్త్రాన్ని ఊహించడం కష్టం. కానీ మంచి ఫలితం వచ్చినంత మాత్రాన సొంత డబ్బు పరాయి దానం అయిపోదు. అమెరికా వైపు వాళ్లు కూడా దీన్ని దానమని అనుకోలేదు. 1906లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఎడ్మండ్ జేమ్స్ దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు పంపిన విన్నపంలో దాపరికం లేకుండా రాశాడు: ఈ తరం చైనా యువకులకు చదువు చెప్పే దేశమే, పెట్టిన శ్రమకు మించిన నైతిక, మేధా, వాణిజ్య ప్రాబల్యాన్ని కోసుకుంటుందని. పొలంలో విత్తనం చల్లేవాడు నేలకు ఉపకారం చేస్తున్నానని చెప్పుకోడు. జేమ్స్ కూడా చెప్పుకోలేదు, అందుకు ఆయన్ను మెచ్చుకుంటాను. ఔదార్యం అన్న పేరు తర్వాత అతికించారు.

మరి చల్లిన విత్తనం అనుకున్న పంటే పండిందా? ఇక్కడ హూ షి గురించి చెప్పాలి.

1910లో రెండో జట్టులో 70 మంది ఎంపికయ్యారు. హూ షికి 55వ స్థానం. తండ్రి చిన్నప్పుడే పోయాడు, ఇంటి దగ్గర తల్లి ఒక్కతే. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రంలో చేరాడు. వ్యవసాయ కళాశాలలో ఫీజు లేదు కాబట్టి మిగిలినదాంట్లో కొంత తల్లికి పంపవచ్చు. గుర్రాలు కడగడం దగ్గర నుంచి అన్నీ నేర్చుకున్నాడు. పండ్ల శాస్త్రం తరగతిలో మాత్రం ఆగిపోయాడు. ప్రతి విద్యార్థి ముందు ముప్పై దాకా ఆపిళ్లు పెట్టారు. ఒక పుస్తకం ఇచ్చారు. తొడిమ పొడవు, కింది గుంట ఆకారం, తొక్క రంగు చూసి, కోసి, రుచి చూసి ఏ ఆపిల్ ఏ రకమో రాయాలి. అమెరికా కుర్రవాళ్లకు అవి చిన్నప్పటి నుంచి తిన్న పండ్లు. చకచకా పేర్లు రాసేసి, నాలుగు మంచి ఆపిళ్లు జేబులో వేసుకుని వెళ్లిపోయారు. హూ షి, ఇంకో చైనా విద్యార్థి రెండున్నర గంటలు కూర్చున్నారు. ఇరవై దాకా రాశారు. వాటిలో చాలా భాగం తప్పు. ఆ రకాల్లో చాలావరకు చైనాలో దొరకనే దొరకవు. వీటి పేర్లు బట్టీ పట్టి నేనేం చేస్తాను అని తనను తాను అడిగాడు. నూటికి ఎనభై లెక్కలోంచి బయటికి నడిచి తత్వశాస్త్రంలో చేరాడు.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టమైన ఘట్టం. వాషింగ్టన్‌లోని విద్యార్థుల కార్యాలయం నుంచి నెలనెలా చెక్కు వచ్చేది. చెక్కులు పంపే గుమాస్తా జోంగ్ వెన్‌ఆవో అనే ఆయనకు సంస్కరణాభిలాష ఎక్కువ. ప్రతి కవరులోనూ ఒక చిన్న కాగితం ముక్క పెట్టేవాడు. 'ఇరవై అయిదేళ్ల లోపు పెళ్లి చేసుకోవద్దు.' 'చెట్లు నాటండి.' 'చైనా లిపి తీసేసి అక్షరమాల పెట్టుకోవాలి.' ఒకసారి హూ షికి ఒళ్లు మండింది. మన లిపి గురించి మాట్లాడే అర్హత నీబోటి వాళ్లకు లేదు అని ఘాటుగా జవాబు రాసి పడేశాడు. కొద్ది రోజులకు పశ్చాత్తాపం కలిగింది. అర్హత లేదని అతన్ని తిట్టాను, మరి అర్హత ఉన్నవాళ్లం మనం చేస్తున్నదేమిటి? ఆ ప్రశ్న నుంచి మొదలై, మిత్రుడు జావో యువాన్‌రెన్‌తో చర్చలు, తోటి విద్యార్థులతో ఉత్తరాల్లో కొట్లాటలు, 1916 వేసవిలో ఒక పడవ షికారు మీద రాసిన కవితపై పెద్ద వాగ్యుద్ధం. చివరికి 1917 జనవరిలో 'కొత్త యువత' అనే చైనా పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. చచ్చిపోయిన గ్రంథాల భాష వద్దు, జనం మాట్లాడే భాషలో రాద్దాం అని. మూడేళ్లకే, 1920లో, ప్రాథమిక బడుల్లో వాడుక భాష పాఠ్యపుస్తకాలు పెట్టమని ప్రభుత్వమే ఆదేశించింది.

కోట్లమందికి చదువు దగ్గర చేసిన మార్పు ఇది. ఇందులో ఎడ్మండ్ జేమ్స్ వేసిన లెక్క ఎంత? ఏ ప్రభుత్వ ప్రణాళికలో దీనికి చోటుంది? చెక్కుతోపాటు వచ్చిన కాగితం ముక్క, దాని మీద వచ్చిన కోపం, ఆ కోపం మీద వచ్చిన సిగ్గు. ఆ గుమాస్తాను చైనా చరిత్రలో ఎక్కువమంది తలచుకోరు. హూ షి మాత్రం తన ఉద్యమం ఎలా మొదలైందో రాసినప్పుడు ఆయన పేరుతోనే మొదలుపెట్టాడు. రుణం తీర్చుకోవడం అంటే అదే.

అదే డబ్బుతో వెళ్లిన మరొకరు కవి వెన్ యిదో. 1922లో షికాగో వెళ్లి చిత్రకళలో చేరాడు, మరుసటి ఏడాది కొలరాడో. అమెరికాలో చైనావాళ్లు ఎక్కువగా చేసే పని బట్టలు ఉతకడం. 1882 నుంచి చైనా కూలీలు ఆ దేశంలో అడుగుపెట్టకుండా చట్టం ఉంది. విద్యార్థులకు మినహాయింపు. చట్టం మినహాయించినా వీధి మినహాయించలేదు. మీ నాన్న బట్టలు ఉతుకుతాడా అని చైనా విద్యార్థులను తరచూ అడిగేవారని వెన్ యిదో స్వయంగా రాసుకున్నాడు. 1924లో కొలరాడోలో పట్టాల పండుగ. ఆనవాయితీ ప్రకారం ఒక అబ్బాయి, ఒక అమ్మాయి జంటగా నడిచి వేదిక దగ్గరికి వెళ్లాలి. చైనా విద్యార్థులు ఆరుగురు. వాళ్ల పక్కన నడవడానికి ఏ అమెరికా అమ్మాయీ ముందుకు రాలేదు. ఆరుగురూ తమలో తామే జతలు కట్టి నడిచారు. తోటి విద్యార్థి లియాంగ్ షిచ్యూ దీన్ని తర్వాత రాశాడు.

వెన్ యిదో దాని గురించి పోట్లాడలేదు. చాకిరేవు పాట రాశాడు. మాసినవన్నీ తెండి, మీ పాపాల మరకలతో సహా ఉతికిపెడతాను అనే ధోరణిలో. చాకలి కొడుకువా అన్న ప్రశ్నకు, కాదు, నేను పండితుల ఇంటివాణ్ణి అని జవాబు చెప్పి తప్పించుకునే అవకాశం అతనికుంది, నిజంగానే అతనిది చదువుకున్న కుటుంబం. ఆ జవాబు చెప్పకుండా చాకలి పక్కన నిలబడి చాకలి గొంతుతో పాడాడు. కులం పేరు చెప్పి పని నీచమని తేల్చే నేల మీద పుట్టినవాణ్ణి నేను. ఆ కవిత గురించి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక జపాన్. సంఖ్యలో చూస్తే అసలు కథంతా అక్కడే. 1895లో జపాన్ చేతిలో ఓడిపోయిన చైనా, మరుసటి ఏడాదే 13 మందిని అక్కడికి చదువుకు పంపింది. గెలిచినవాడి దగ్గరే గెలుపు రహస్యం నేర్చుకోవాలని. దూరం తక్కువ, ఖర్చు తక్కువ, లిపిలో సగం తెలిసినదే. 1905లో వెయ్యేళ్లకు పైగా నడిచిన రాచకొలువు పరీక్షలు రద్దు కావడంతో కొత్త చదువుకు జనం ఎగబడ్డారు. ఆ ఏడాదికి తోక్యోలో చైనా విద్యార్థులు ఎనిమిది వేలకు తక్కువ లేరు. వాళ్ల కోసం నెలల్లో ముగించే తొందర చదువులు పుట్టుకొచ్చాయి. కొన్ని మంచివి, చాలావరకు డబ్బు గుంజేవి. చైనా రాచరికాన్ని కూల్చాలని పూనుకున్న సన్ యట్-సెన్ విప్లవ సంఘం 1905 ఆగస్టులో పుట్టింది కూడా ఈ తోక్యో విద్యార్థుల మధ్యనే.

ఆ నవంబరులో జపాన్ విద్యాశాఖ చైనా విద్యార్థుల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. వేలమంది తరగతులు మానేశారు. తోక్యోలోని అసాహి పత్రిక ఇది చైనావాళ్ల విచ్చలవిడితనం, నీచ స్వభావం అని రాసింది. చెన్ తియాన్‌హ్వా అనే ముప్పై ఏళ్ల విద్యార్థి ఆ మాటలు చదివి, తోటివారికి సుదీర్ఘమైన ఉత్తరం రాసి, డిసెంబరు 8న ఓమోరి తీరంలో సముద్రంలోకి నడిచి ప్రాణం తీసుకున్నాడు. ఆ మాట అబద్ధమని మీ చదువుతో రుజువు చేయండి అని ఆ ఉత్తరంలో వేడుకున్నాడు. ఎంతోమంది చదువు వదిలి ఇంటికి వెళ్లిపోయారు. భర్తనూ పిల్లలనూ విడిచి చదువుకు వచ్చిన ఛ్యూ జిన్ వారిలో ఒకరు. ఆమెను 1907 జూలైలో తిరుగుబాటు నేరం మోపి షావోషింగ్‌లో తల నరికారు.

ఇదే జపాన్‌లో, ఇవే నెలల్లో, ఇంకో సంగతి జరుగుతోంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

షావోషింగ్‌కే చెందిన జౌ షూరెన్ అనే కుర్రవాడు 1902లో ప్రభుత్వ ఖర్చుతో తోక్యో చేరాడు. ప్రపంచం తర్వాత లూ షున్ అన్న పేరుతో ఎరిగిన రచయిత. జబ్బుపడిన తండ్రికి పాతకాలపు వైద్యులు రాసిన విచిత్రమైన మందుల కోసం ఊరంతా తిరిగి, తాకట్టు కొట్టుకు ఇంట్లోవి మోసి, చివరికి తండ్రిని పోగొట్టుకున్నవాడు. వైద్యం నేర్చుకుని అలాంటి తండ్రులను బతికించాలని అతని కోరిక. తోక్యోలో తోటి చైనా విద్యార్థుల ఆర్భాటం విసుగుపుట్టి 1904లో ఉత్తరాన చలి ప్రాంతంలోని సెందాయ్ వైద్య కళాశాలలో చేరాడు. ఆ కళాశాల మొత్తం మీద చైనావాడు అతనొక్కడే.

శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే అధ్యాపకుల్లో ఒకరు ఫుజినో గెంకురో. నల్లగా, సన్నగా, మీసంతో, కళ్లజోడుతో, చంకలో పుస్తకాల కట్టతో వచ్చేవాడు. బట్టల మీద ధ్యాస లేదు. ఒక్కోసారి టై కట్టుకోవడం మరిచిపోయేవాడు. పాత కోటు చూసి రైల్లో కండక్టరు దొంగేమోనని అనుమానపడ్డాడట. తరగతులు మొదలైన కొద్ది రోజులకు ఈయన ఆ చైనా కుర్రవాణ్ణి గదికి పిలిచి, "నా పాఠాలు రాసుకోగలుగుతున్నావా?" అని అడిగాడు. "కొంత వరకు." "తెచ్చి చూపించు."

రెండు మూడు రోజులకు నోట్సు వెనక్కి వచ్చింది. లూ షున్ తెరిచి చూసి నిర్ఘాంతపోయాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు ఎర్ర సిరాతో దిద్ది ఉంది. తాను వినలేక వదిలేసిన పాఠం అక్కడక్కడా పూర్తిగా రాసి ఉంది. జపాన్ భాషలో చేసిన వ్యాకరణం తప్పులు కూడా సరిచేసి ఉన్నాయి. ఒక్కసారి కాదు. ఆయన చెప్పిన పాఠాలు ముగిసేదాకా, ఎముకలు, రక్తనాళాలు, నరాలు, అన్నీ అలాగే. ఒకసారి ముంజేతి రక్తనాళాల బొమ్మ చూపించి, "ఈ నాళాన్ని కొంచెం జరిపావు. అలా జరిపితే బొమ్మ చూడ్డానికి బాగుంటుంది. కానీ ఇది చిత్రకళ కాదు కదా, ఉన్నదాన్ని మనం మార్చకూడదు" అన్నాడు. కుర్రవాడు పైకి సరేనన్నాడు. నా బొమ్మ బాగానే ఉంది, అసలు ఎలా ఉంటుందో నాకు తెలుసులే అని లోపల అనుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత తన మీద తానే ఫిర్యాదు చేసుకున్నట్టు దాన్ని రాశాడు.

పరీక్షలు అయ్యాయి. 142 మందిలో 68వ స్థానం. బలహీన దేశం నుంచి వచ్చినవాడికి ఇన్ని మార్కులు ఎలా వచ్చాయి? ఫుజినో నోట్సులో ప్రశ్నల మీద గుర్తులు పెట్టి ముందే చెప్పేశాడని కొందరు తోటి విద్యార్థులు పుకారు పుట్టించారు. గదికి వచ్చి నోట్సు తిరగేశారు. పశ్చాత్తాపపడు అంటూ ఆకాశరామన్న ఉత్తరం పంపారు. తర్వాతి కాలంలో కళాశాల రికార్డులు బయటపడ్డాయి. ఫుజినో బోధించిన శరీర నిర్మాణ శాస్త్రంలో లూ షున్‌కు వచ్చినవి 59.3. అతను తప్పిన సబ్జెక్టు అదొక్కటే. ఎర్ర సిరాతో రాత్రిళ్లు కూర్చుని దిద్దిన మనిషి మార్కుల దగ్గర పావు మార్కు కూడా దానం చేయలేదు. నాకు ఈ సంగతి తెలిసిన తర్వాత ఆయన మీద గౌరవం పదింతలైంది. జాలితో ఇచ్చే మార్కు మనిషిని చిన్నబుచ్చుతుంది. ఆయన ఇతన్ని విద్యార్థిగా చూశాడు, అంతే.

మరుసటి ఏడాది తరగతిలో పాఠం అయిపోగా సమయం మిగిలితే, చైనా నేల మీదే జరిగిన రష్యా-జపాన్ యుద్ధం స్లైడులు వేసేవారు. ఒకరోజు ఒక దృశ్యం: రష్యాకు గూఢచారి అని పట్టుకున్న ఒక చైనావాణ్ణి జపాన్ సైనికులు చంపబోతున్నారు. చుట్టూ మూగి చూస్తున్నవారంతా చైనావాళ్లే. తరగతి గదిలో కేరింతలు. ఆ గదిలో కూర్చున్న ఒకే ఒక్క చైనావాడు అప్పుడే నిర్ణయించుకున్నానని రాశాడు: ఒళ్లు బాగుండి మనసు మొద్దుబారిన జనానికి మందు కంటే ముందు కావలసినది వేరే ఉందని. 1906లో వైద్యం వదిలేశాడు. చెప్పడానికి వెళ్తే ఫుజినో మొహం చిన్నబోయింది. ఆయన్ను ఓదార్చడానికి, జీవశాస్త్రం చదువుతాను, మీరు చెప్పింది పనికొస్తుంది అని అబద్ధం ఆడాడు. బయలుదేరేముందు ఫుజినో ఇంటికి పిలిచి తన ఫోటో ఇచ్చాడు. వెనుక వీడ్కోలు బాధను చెప్పే రెండు అక్షరాలు. అప్పుడప్పుడు ఉత్తరం రాయమన్నాడు. లూ షున్ ఒక్కటి కూడా రాయలేదు. చెప్పుకోదగ్గది ఏమీ సాధించలేదన్న సిగ్గుతో ఏళ్లు గడిచిపోయాయి. ఆ ఫోటో మాత్రం బీజింగ్ ఇంట్లో, రాసుకునే బల్లకు ఎదురుగా గోడకు వేలాడుతూ ఉండేది. రాత్రి అలసిపోయి పడుకుందామనుకున్నప్పుడు ఆ నల్లని సన్నని మొహం చూసి, సిగరెట్టు వెలిగించి మళ్లీ రాతకు కూర్చునేవాణ్ణని 1926లో రాశాడు. చైనా పిల్లలు ఈ వ్యాసాన్ని బడి పుస్తకంలో చదువుకుంటారు. మా ల్యాబు మిత్రుడికి అందులో పేరాలు నోటికి వచ్చు.

ఇప్పుడు చెప్పండి. లూ షున్ జపాన్‌కు రుణపడ్డాడా? ఏ జపాన్‌కు? చైనా విద్యార్థులను నీచులన్న పత్రిక జపానే, కేరింతలు కొట్టిన తరగతి జపానే, ఎర్ర సిరా కూడా జపానే. ఈ మూడింటినీ ఒక దేశం పేరు కింద మూటగట్టి కూడికలు తీసివేతలు చేస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఫుజినోను మాత్రం తన గురువులందరిలోకీ ఎక్కువ కృతజ్ఞత ఉన్న గురువు అన్నాడు.

ఇంకొక్క సంఘటన చెప్పి ముగిస్తాను, ఇది ఫ్రాన్సులోది. 1919, 1920 సంవత్సరాల్లో పదహారు వందల మంది దాకా చైనా యువకులు పని చేసుకుంటూ చదువుకుందామని అక్కడికి వెళ్లారు. తర్వాతి కాలంలో చైనా అధినేత అయిన డెంగ్ షియావోపింగ్, అప్పటికి పదహారేళ్లవాడు, లె క్రూజో ఉక్కు కర్మాగారంలో చేరాడు. చదువు దొరికింది తక్కువ, పని దొరికింది తక్కువ, ఆకలి మాత్రం దండిగా దొరికింది. 1921లో లియోన్‌లో కొత్తగా పెట్టిన చైనా-ఫ్రెంచి విద్యాసంస్థలో తమను చేర్చుకోవాలని పట్టుబట్టిన 104 మందిని ఓడ ఎక్కించి వెనక్కి పంపేశారు. వీళ్ల గురించి చాలా పుస్తకాలు ఉన్నాయి. నేను చెప్పేది వీళ్లకంటే కొంచెం ముందు వెళ్లిన మరొకరి గురించి.

యెన్ యాంగ్‌చూ. బయట జేమ్స్ యెన్ అంటారు. 1918లో యేల్‌లో పట్టా పుచ్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల కోసం కందకాలు తవ్వడానికి, సామాను మోయడానికి ఫ్రాన్సు చేరిన లక్షా నలభై వేలమంది చైనా కార్మికులకు సాయపడటానికి క్రైస్తవ యువజన సంఘం వై.ఎం.సి.ఏ. తరఫున వెళ్లాడు. కూలీ అన్న మాట మన నేల మీద నుంచి ఇంగ్లీషువాళ్ల నోటి వెంట లోకమంతా తిరిగిన మాట. చైనాలో దానికి రెండు అక్షరాలు కట్టారు, ఒకటి చేదు, రెండోది బలం. యెన్ అప్పటిదాకా ఆ మనుషులతో కూర్చుని మాట్లాడినవాడు కాదు. రాత్రయితే వాళ్లు వరుస కట్టి ఇంటికి ఉత్తరాలు రాయించుకునేవారు. ఎన్నాళ్లు రాస్తాను, వీళ్లకే నేర్పితే పోదా అనుకున్నాడు. చైనా లిపిలోని వేల అక్షరాల్లోంచి వెయ్యి దాకా ఎంచి పాఠాలు మొదలుపెట్టాడు. వాళ్ల కోసం ఒక వారపత్రిక నడిపాడు. ఒకరోజు ఒక కార్మికుడి నుంచి ఉత్తరం వచ్చింది. మీ పత్రిక వచ్చాక లోకంలో జరిగేదంతా నాకు తెలుస్తోంది, అయితే మీరు మరీ చవగ్గా అమ్ముతున్నారు, ఇలాగైతే మూతపడుతుందేమో, ఫ్రాన్సులో మూడేళ్లు పనిచేసి దాచుకున్న 365 ఫ్రాంకులు ఇందులో పంపుతున్నాను అని. యేల్ పట్టభద్రుడికి ఒక కూలీ ఇచ్చిన స్కాలర్‌షిప్ అది. యెన్ మిగిలిన జీవితమంతా చదువురానివాళ్లకు అక్షరాలు నేర్పడానికి, పల్లెల బాగుకు పెట్టాడు.

మళ్లీ సెందాయ్‌కి వస్తాను. ఆ ఎర్ర సిరా నోట్సు ఇల్లు మారేటప్పుడు పోయిందని లూ షున్ బాధపడుతూ రాశాడు. అది పోలేదు. 1951లో షావోషింగ్‌లో దొరికింది. ఆరు సంపుటాలు. బీజింగ్‌లోని లూ షున్ మ్యూజియంలో ఉంది. నేను ఆ పేజీల ఫోటోలు చూశాను. నల్లటి చిన్న అక్షరాల మధ్య ఎర్రటి అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. కొన్ని పేజీల్లో నలుపు కంటే ఎరుపే ఎక్కువేమో అనిపిస్తుంది.

ఫుజినో సంగతి ఏమయింది? 1915లో ఆ కళాశాల పెద్ద విశ్వవిద్యాలయంలో కలిసిపోయినప్పుడు ఆయన అర్హతలు చాలవన్నారు. ఉద్యోగం పోయింది. సొంత ప్రాంతం ఫుకుయి వెళ్లి పల్లెల్లో వైద్యం చేసుకుంటూ బతికాడు. తన పాత విద్యార్థి చైనాలో అంత పెద్ద రచయిత అయ్యాడని చాలా ఆలస్యంగా తెలిసింది. 1936 అక్టోబరులో లూ షున్ చనిపోయాక, ఆయన గురించి రాయమని అడిగితే ఒక చిన్న వ్యాసం ఇచ్చాడు. అది అచ్చయిన 1937లోనే జపాన్ చైనా మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది.

ఆ వ్యాసంలో ఆయన చెప్పినవి రెండే విషయాలు నాకు గుర్తుండిపోయాయి. చిన్నప్పుడు నోసాకా అనే గురువు దగ్గర చైనా ప్రాచీన గ్రంథాలు చదువుకున్నాను, అందుకే ఆ దేశపు పూర్వ విద్వాంసులంటే గౌరవం, ఆ దేశపు మనుషులను బాగా చూసుకోవాలన్న భావం ఉండేది అన్నది ఒకటి. అంటే ఆ ఎర్ర సిరా కూడా ఒక పాత రుణం తీర్చుకోవడమే, ఎప్పుడో చనిపోయిన చైనా పండితులకు. రెండోది ఫోటో గురించి. చివరి దాకా నా ఫోటో తన గదిలో పెట్టుకున్నాడట, చాలా సంతోషం, అయితే దాన్ని ఎప్పుడు ఎలా ఇచ్చానో నాకు గుర్తు లేదు అని రాశాడు.

ఆయన 1945 ఆగస్టు 11న చనిపోయాడు. యుద్ధం ఇంకో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా.